సంతకము చేయు చేయి

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పుదురు. నేడు స్త్రీలును ఉద్యోగములు చేయుచున్నారు గనుక అది మనుష్యలక్షణమనవచ్చును. పిల్లలకు ఉద్యోగము సంపాదించి పెట్టుటకు మనము పడు పాటు ఇంతింతని చెప్పనలవికాదు. ఆ ఉద్యోగములో ధర్మము తప్పక నిలుచుట ఎట్లో నేర్పుటకు మాత్రము అందులో నూరవ పాలైనను పడుట లేదు. ఈ వారము ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

కారణమిది. గత మాసములో మన పొదటూరుపేట వాస్తవ్యుడే యొకడు రాత్రి దుకాణము కట్టు వేళకు మా యొద్దకు వచ్చెను. ఆయన మగ్గము మీద బ్రతికినవాడు. కుమారుని చదివించినాడు. ఆ కుమారుడు చెన్నైలో ఒక వ్యాపార సంస్థలో లెక్కలు వ్రాయుచున్నాడు. ఆ సంస్థకు బ్యాంకువారు సరుకు పూచీమీద అప్పు ఇచ్చియున్నారు. నెలనెలా గిడ్డంగిలో ఎంత సరుకున్నదో వ్రాసి, సంతకము చేసి బ్యాంకునకు పంపవలెను. గిడ్డంగిలో 40 బేళ్లుండగా 100 బేళ్లున్నవని వ్రాసిన పట్టీని ఆ కుర్రవాని యెదుట పెట్టి సంతకము చేయుమనిరట. "వచ్చే నెల సరుకు దిగుతుంది, అప్పుడు లెక్క సరిపోతుంది, ఇది ఉత్త మామూలు కాగితం" అని పైవాడు చెప్పెనట. ఇంటిలో ఆడపిల్ల పెండ్లికి ముహూర్తము నిశ్చయమైయున్నది. ఆ తండ్రి మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే: "తమ్ముడూ, వాణ్ణి సంతకం పెట్టేయమని చెప్పేదా, వద్దని చెప్పేదా? నువ్వే చెప్పు."

ఈ ప్రశ్నను చులకన చేయుటకు మాకు మనసు రాలేదు. జీతము మీద పెండ్లి ఆధారపడినవానికి ధర్మపన్నములు వల్లించుట సులభము. కాని సులభమైన మాట సహాయమైన మాట కాదు. కావున ముందు చట్టము ఏమనుచున్నదో, తరువాత లోకములో ఏమి జరిగినదో చూచి, ఆ పిమ్మట మన కర్తవ్యమును విచారింతము.

మన పేటలో చాలమందికి ఒక భ్రమ కలదు. తప్పుడు లెక్క వ్రాయించినవాడే నేరస్థుడు, వ్రాసిన గుమాస్తా ఉత్త చేతి కలము వంటివాడు అని. చట్టము అట్లనుట లేదు. పాత భారత శిక్షాస్మృతిలోని 477-ఏ నిబంధన లెక్కలను తారుమారు చేయుటను గూర్చినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహితలోని 344వ నిబంధన వచ్చినది. మోసపుచ్చు తలంపుతో లెక్క పుస్తకమును చించినను, మార్చినను, అందు అబద్ధపు పద్దు వ్రాసినను 7 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. ఎవరికి? ఆ నిబంధన మొట్టమొదట పేర్కొన్న మాటయే గుమాస్తా. తరువాత అధికారి, ఆ తరువాత సేవకుడు. యజమానికి అందులో తప్పించుకొను త్రోవ యున్నదని మేమనుట లేదు. వ్రాయించినవానికిని చట్టము వేరుగా శిక్షలు చెప్పియే యున్నది. కాని "నాకేమి తెలియును, వ్రాయుమనిరి, వ్రాసితిని" అను మాటను న్యాయస్థానము గుమాస్తా నోట సులభముగా అంగీకరింపదని ఇందువలన తెలిసికొనవలెను.

ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. మన తెలుగువారి మధ్యనే, మన కన్నుల యెదుటనే జరిగినది. హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ తెలుగు యువకులకు గర్వకారణముగా నుండెను. అందు 50,000 మందికి పైగా పనిచేయుచుండిరి. తమ పిల్లవానికి అందులో ఉద్యోగము వచ్చినదని చెప్పుకొనని తెలుగు ఊరు అరుదు. 2008లో ఆ సంస్థకు సుపరిపాలనకు గాను బహుమానము కూడ వచ్చెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు రామలింగరాజు ఒక లేఖ వ్రాసి గుట్టు విప్పెను. బ్యాంకులలో 5,361 కోట్ల రూపాయలున్నవని లెక్కలలో చూపగా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖ సారాంశము. తొలుత నిజమైన లాభమునకు, పుస్తకములో చూపిన లాభమునకు నడుమ భేదము కొద్దిగా నుండెననియు, అది ఏటేట పెరిగినదనియు ఆయనయే వ్రాసెను. పులిమీద స్వారీ చేయువాడు దిగుట ఎట్లో తెలియక పోయినట్లున్నది తన స్థితియని చెప్పుకొనెను.

మన తండ్రి ప్రశ్నకును ఈ మహా మోసమునకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. సంబంధము ఆ "కొద్ది భేదము" లోనే యున్నది. 5,040 కోట్లు ఒక్కనాడు పుట్టలేదు. మొదటి మూడు మాసముల లెక్కలో కొంచెము, తరువాత దానిని కప్పుటకు మరికొంచెము. "వచ్చే నెల సరిపోవును" అను మాటయే ఆ పులికి మొదటి మెట్టు. 40 బేళ్లను 100 అని నేడు వ్రాసినవాడు, వచ్చు నెల సరుకు దిగనిచో 120 అని వ్రాయవలసియుండును. లేక పోయిన నెల వ్రాసినది అబద్ధమని ఒప్పుకొనవలసియుండును. రెండవదానికి ధైర్యము చాలదు గనుక మొదటిదే జరుగును.

మరియొక సంగతి. ఒక్క మనుష్యుడు వేల కోట్ల అబద్ధమును వ్రాయలేడు. చేయని పనికి బిల్లులు సృష్టించుటకు ఒకడు, బ్యాంకు రసీదులను కల్పించుటకు ఒకడు, వానిని పుస్తకములకెక్కించుటకు ఒకడు, తనిఖీ చేయవలసినప్పుడు కన్నులు మూసికొనుటకు ఒకడు కావలెను. తిలాపాపము తలా పిడికెడు అని ఊరక అనలేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఈ వ్యవహారములో 10 మందిని దోషులుగా నిర్ణయించి 7 సంవత్సరముల శిక్ష విధించెను. అప్పీలు మీద మే మాసములో శిక్ష అమలు నిలిపి వారికి బెయిలు ఇచ్చిరి. ఆ పదిమందిలో యజమానులు, వారి సోదరులు మాత్రమే లేరు. ఆర్థిక శాఖాధికారి, సంస్థలోని కొందరు ఉద్యోగులు, లోపలి తనిఖీ చేయువాడు, బయటినుండి వచ్చి లెక్కలు పరీక్షించిన ఆడిటర్లు ఇద్దరు కూడ నుండిరి. జీతము తీసికొని పని చేసినవారు లాభములో వాటా లేకున్నను నేరములో వాటాదారులైరి. ఏరు దాటునంతవరకే ఓడ మల్లన్న, దాటిన పిమ్మట బోడి మల్లన్న అన్న సామెతను సంతకము చేయు ప్రతి గుమాస్తాయు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో వరల్డ్‌కామ్ అను పెద్ద టెలిఫోను సంస్థయుండెను. అందు లెక్కల శాఖలో బెటీ విన్సన్ అను మధ్యతరగతి గృహిణి పనిచేయుచుండెను. ఆమె జీతమే ఆ యింటికి ముఖ్యాధారము. 2000 సంవత్సరాంతమున లాభము తగ్గినట్లు కనబడకుండ కొన్ని పద్దులు మార్చి వ్రాయుమని పైవారు చెప్పిరి. ఆమె తటపటాయించెను. వ్రాసి, రాజీనామా చేయుదుననుకొనెను. ఇది ఒక్కసారియే, ఇక మీదట ఉండదని పైవారు నచ్చజెప్పిరి. ఆమె నిలిచిపోయెను. మూడు మాసములకు మరల వ్రాయుమనిరి, మరల వ్రాసెను. అట్లు ఏడాదికి పైగా సాగినది. 2002లో అదే సంస్థలోని లోపలి తనిఖీ శాఖాధికారిణి సింథియా కూపర్ తన తోడివారితో పుస్తకములు వెదకి ఆ మోసమును బయటపెట్టెను. ఆ నాటికి తేలిన మొత్తము 380 కోట్ల డాలర్లు. సంస్థ దివాలా తీసినది. అధ్యక్షునికి 25 సంవత్సరముల శిక్ష పడినది. ఉత్తర్వు పాటించిన విన్సనునకును 2005లో 5 నెలల జైలు శిక్ష పడినది. ఒకే సంస్థ, ఒకే రకపు భయము. ఒకామె మొదటి దినమున 'కాదు' అనలేకపోయెను. మరియొకామె అడుగవలసిన ప్రశ్నను అడిగెను. వారిరువురి నడుమ భేదము చదువులో లేదు.

సంపాదకీయములో 'మేము' అని వ్రాయుట వాడుక. ఇచట మాత్రము 'నేను' అని వ్రాయక తప్పదు. నాకు ఇరువది యేండ్లప్పుడు, సొంత వ్యాపారము పెట్టక పూర్వము, ఒక బట్టల దుకాణములో బిల్లులు వ్రాయుచుంటిని. మర మగ్గము మీద నేసిన గుడ్డను చేనేత అని వ్రాయుమని యజమాని చెప్పెను. చేనేతవారికని 1985లో ఒక చట్టము చేసి కొన్ని రకముల వస్త్రములను వారికే కేటాయించినట్లు నాకప్పుడు తెలియదు. కాని మా యింటి పక్కననే చేమగ్గము నేయు ముసలివాడొకడుండెను. ఆయన నేసిన తుండును, నేను 'చేనేత' అని వ్రాసిన తుండును ఒకే గిరాకీకి పోటీ పడుచున్నవని మాత్రము నాకు తెలిసియుండెను. అయినను వ్రాసితిని. ఒకనాడు కాదు, రెండు సంవత్సరములు వ్రాసితిని. నన్నెవ్వరును పట్టుకొనలేదు. ఆ ముసలివాడు మగ్గము విప్పి అమ్ముకొన్న దినమున గుంత పక్కన కూర్చుండి నన్ను "బాగుండావా అబ్బోడా" అని పలుకరించెను. ఆ మగ్గము పోవుటకు నా బిల్లులే కారణమని నేననను. కాని అందు నా పిడికెడు కూడ కలదు. చట్టమునకు దొరకని తప్పు మనసునకు దొరకదని ఎవ్వరును అనుకొనవలదు.

ఇక కర్తవ్యము. ఉద్యోగములో కలుగు చిక్కులన్నియు ఒక్క తీరువి కావు. మొదట వానిని వేరుచేసి చూడవలెను. పైయధికారి చెప్పిన పద్ధతి మనకు నచ్చకపోవుట వేరు. దానికి విధేయతయే ధర్మము. పొరపాటున తప్పు అంకె పడుట వేరు. దానిని చూపి దిద్దించుట ధర్మము. తెలిసి తెలిసి మరియొకని మోసగించుటకు అబద్ధము వ్రాయుట వేరు. ఇందులో విధేయతకు చోటు లేదు. గిడ్డంగి పట్టీ ఈ మూడవ జాతిది. దానిని నమ్మి బ్యాంకువారు అప్పిత్తురు. బ్యాంకు సొమ్మన మనబోటివారి డిపాజిట్లే గదా.

అట్టి కాగితము ఎదుటికి వచ్చినప్పుడు వెంటనే కోపగించి లేచిపోవుట గాని, వెంటనే సంతకము చేయుట గాని వలదు. ఒక దినము గడువు అడుగవలెను. "గిడ్డంగికి పోయి స్వయముగా లెక్కపెట్టి వచ్చి సంతకము చేయుదును" అనుట ఎవ్వరును తప్పుపట్టలేని మాట. లెక్కపెట్టిన సంఖ్యను తేదీతో వ్రాసి పైవానికి మర్యాదగా తెలుపవలెను. అయినను ఒత్తిడి చేసినచో ఆ యుత్తర్వును వ్రాతమూలముగ ఇమ్మని కోరవలెను. నోటితో వచ్చు అక్రమపు ఉత్తర్వులు చాలవరకు కాగితము మీదికి దిగవు. తాను వ్రాసిన లేఖల నకళ్లను భద్రపరచుకొనవలెను. అయితే సంస్థ రహస్య పత్రములను ఇంటికి మోసికొని పోరాదు. ఒక తప్పును ఆపబోయి మరియొక తప్పులో చిక్కుకొందురు. 2013 కంపెనీల చట్టములోని 177వ నిబంధన ననుసరించి షేరు బజారులో నమోదైన కంపెనీలును, బ్యాంకులనుండి 50 కోట్లకు మించి అప్పు తెచ్చిన కంపెనీలును, ఉద్యోగులు అక్రమములను తెలుపుకొనుటకు ఒక మార్గము ఏర్పరుపవలెను. తెలిపినవారిని వేధింపకుండ చూడవలెను. అట్టి మార్గమున్నదేమో విచారించుకొనవలెను. అన్నిటికంటె ముందు ఒక వకీలు సలహా తీసికొనవలెను. వకీలునకు ఇచ్చు రుసుము లేనివారు తాలూకా న్యాయసేవల సమితిని అడుగవచ్చును. 1987 న్యాయసేవల చట్టము స్త్రీలకును, పేదలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, మరి కొన్ని వర్గములకును ఉచిత సహాయము కల్పించినది.

ఇవన్నియు చేసినను నష్టము రాదని మేము మాట ఇయ్యలేము. సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు బీహారులో జాతీయ రహదారుల పనిలోని అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు గోప్యముగా నుంచుమని కోరెను. ఆ పేరు గోప్యముగా నిలువలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపిరి. దర్యాప్తువారు అది దోపిడీలో జరిగిన హత్యయని తేల్చినను, రహస్యముగా నుంచుమన్న పేరు చేతులు మారినదన్న సంగతి దేశమును కలచివేసెను. అట్లు తెలుపువారిని రక్షించుటకు 2014లో చట్టము చేసిరి గాని అది పెక్కు సంవత్సరములు అమలులోనికే రాలేదు. కావున భయపడు పిల్లవానిని పిరికివాడని నిందించు హక్కు మనకు లేదు. అందరును లోకమునకు చాటి చెప్పవలెనని మేమనుట లేదు. బయటపెట్టుట వీరుల పని. అబద్ధము క్రింద సంతకము చేయకుండుట సామాన్యుని పని. ఈ రెండవది మనమందరము చేయగలిగినది.

ఇంతవరకు గుమాస్తాలకు చెప్పితిమి. ఇక మనలో వ్యాపారులైనవారు, మర మగ్గముల యజమానులు ఒకమారు అద్దము చూచుకొనవలెను. మన దుకాణములో లెక్క వ్రాయు కుర్రవానిచేత మనము రెండు చిట్టాలు వ్రాయించుట లేదా? 2017 జూలై నుండి జీఎస్టీ వచ్చిన పిమ్మట బిల్లు లేని సరుకును ఎట్లు దాటించవలెనో ఆ పదునెనిమిదేండ్ల వానికే నేర్పుట లేదా? మన కుమారుని సంతకము ఇతరుల కార్యాలయములో మలినపడునేమోయని రాత్రులు నిద్రపట్టని మనము, ఇతరుల కుమారుని చేతిని మన దుకాణములో మలినపరచుచున్నాము. అక్కడ అధర్మమైనది ఇక్కడ వ్యాపార రహస్యము కాజాలదు.

మనబోటి అల్పసంఖ్యాకులకు ఇందు ఇంకొక హెచ్చరిక కలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరిన నాటినుండి మన భాషకు, మన బడులకు సంబంధించిన ప్రతి కోరికను మనము కాగితము మీదనే వినిపించుకొనుచున్నాము. ఇంతమంది పిల్లలున్నారని వ్రాయుదుము, ఇన్ని కుటుంబములున్నవని సంతకములు చేయుదుము. ఎక్కువమంది గలవారి మాట గొంతు బలముచే చెల్లును. తక్కువమంది గలవారి మాట నిజముచేతనే చెల్లవలెను. పొదటూరుపేట తెలుగువాడు సంతకము చేసినచో అది నిక్కమేయని అధికారులు అనుకొను పేరు మనకుండిన, అదియే మనకు పెద్ద ఆస్తి.

ఆ తండ్రికి మేము చెప్పిన జవాబు ఇది: "అన్నా, పెట్టొద్దని చెప్పు. కాని ఒక్కణ్ణే నిలబెట్టొద్దు. నువ్వూ, నేనూ వాడి వెనక ఉంటామని చెప్పు." కుర్రవాడు గిడ్డంగికి పోయి లెక్కపెట్టి 40 అనియే వ్రాసి ఇచ్చినాడు. ఆ పట్టీ మీద మరియొకరు సంతకము చేసిరట. కుర్రవానిని పని మానుమని ఎవ్వరును చెప్పలేదు గాని, ఆ మాసము నుండి వానికి చేయుటకు పని ఇచ్చుట మానిరి. వాడు వేరొక చోటు వెదకుకొనుచున్నాడు. పెండ్లి మాత్రము ఆగలేదు. ముహూర్తమునకే జరుగును. పెండ్లి ఖర్చు తగ్గించుకొందమని మగపెండ్లివారే ముందుగా అనిరట. సంగతి తెలిసి అనిరో తెలియక అనిరో గాని, అట్టి సంబంధము దొరకుట ఆ యింటి అదృష్టము.

"వెనక ఉంటాము" అని మేమన్న మాట ఇప్పుడు సంఘము మీద బాకీగా నున్నది. కావున సభ్యులకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన కుటుంబములలో వకీళ్లు, ఆడిటర్లు అయినవారు నెలకొక సాయంకాలము సంఘ కార్యాలయమున కూర్చుండి, ఇట్టి చిక్కులలోనున్న పిల్లల మాట గోప్యముగా విని సలహా చెప్పవలెను. రెండవది: అబద్ధపు సంతకము చేయనందున పని పోగొట్టుకొన్న యువకునికి గాని యువతికి గాని వేరు పని దొరకువరకు మన వ్యాపారులు వంతుల ప్రకారము తమ యొద్ద పని ఇయ్యవలెను. లెక్కలలో నిజము వ్రాయువాడు కావలెనని మనము ప్రతిదినము చెప్పుకొనుచునే యున్నాము గదా. మూడవది: రెండవ చిట్టా గలవారు ఈ సంవత్సరము లెక్కలు ముగియునాటికి దానిని మూసివేయవలెను. ఈ మూడవ మనవిని మేము మొదట మా దుకాణమునకే చేసికొనుచున్నాము.

పిల్లలు ఇంటికి ఫోను చేసి "నాన్నా, ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు" అన్నప్పుడు, "ఊరక పెట్టేసి రా" అను మాట మన నోట మొదట రాకుండుగాక. "అందులో ఏం రాసుంది?" అని అడుగుదము.